తోడు నిలవడం కూడా పనే

(మల్లు స్వరాజ్యం స్మారకోపన్యాసం, సూర్యాపేట)



మల్లు స్వరాజ్యం గారి పేరు మీద మాట్లాడమంటే ఎవరికైనా ముందు తెలంగాణ సాయుధ పోరాటమే గుర్తొస్తుంది. ఆమె 1931లో కరివిరాల కొత్తగూడెంలో, భూములున్న ఇంట్లో పుట్టారు. ఆంధ్ర మహాసభ పిలుపు విని, పదకొండేళ్ల వయసులో ఇంటి కట్టుబాటు దాటి వెట్టివాళ్లకు బియ్యం పంచారు. అడవిలో రాజక్క పేరుతో తిరిగారు. ఆమె తలకు నిజాం సర్కారు 10,000 రూపాయల వెల కట్టింది. 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచారు. 2022 మార్చి 19న కన్నుమూశాక ఆమె దేహాన్ని నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలకు అప్పగించారు. ఇవన్నీ ఈ సభలో ఉన్నవాళ్లకు నాకంటే బాగా తెలిసిన సంగతులు. అందుకని నేను పోరాటం గురించి కాకుండా, పోరాటం ముగిసిన మర్నాటి గురించి మాట్లాడదలచుకున్నాను.

మర్నాడు

1951లో పోరాటాన్ని విరమించారు. దళాలకు అన్నం మోసినవాళ్లు, చీటీలు చేరవేసినవాళ్లు, తుపాకి పట్టినవాళ్లు ఊళ్లకు తిరిగొచ్చారు. 1986లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే పుస్తకం తెచ్చింది. పోరాటంలో ఉన్న స్త్రీల దగ్గర కూర్చొని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకున్న పుస్తకం అది. స్వరాజ్యం గారి మాటలూ అందులో ఉన్నాయి. నన్ను అందులో ఎక్కువగా పట్టి నిలిపింది వీరగాథలు కావు. తిరిగొచ్చాక వాళ్లకు ఎదురైన బతుకు. మగ కార్యకర్తల్లో కొందరికి ఎన్నికలున్నాయి, పార్టీ పనులున్నాయి, వకీలు చదువులున్నాయి. ఆడవాళ్లలో చాలామందికి దొరికింది ఒక్క సలహా: ఇక సంసారం చూసుకోండి.

ఆ స్త్రీలకు ధైర్యం తక్కువైందని ఎవరూ అనలేరు. పోలీసు క్యాంపుల మధ్యన రాత్రిపూట నడిచినవాళ్లకు ధైర్యం గురించి పాఠం చెప్పేదెవరు? వాళ్లకు తక్కువైంది వేరే. అడవిలో నేర్చుకున్నదాన్ని ఊళ్లో ఏ పనిగా మార్చుకోవాలో, ఎక్కడ చదువు అందుకోవాలో, తొలి జీతం చేతికొచ్చేదాకా పిల్లల్ని ఎవరికి అప్పగించాలో కూర్చొని ఆలోచించడానికి పక్కన మనిషి లేదు. ఉద్యమానికి వాళ్ల ధైర్యం అక్కరకొచ్చింది. వాళ్ల బతుకుతెరువు మాత్రం ఎవరి పనీ కాకుండా పోయింది.

డెబ్బై ఏళ్లు దాటాయి. ఇప్పుడు మహిళా సంఘాలున్నాయి, రుణాలున్నాయి, శిక్షణ కేంద్రాలున్నాయి, చట్టాలున్నాయి. అయినా భర్త పోయిన మనిషి, భర్త వదిలేసిన మనిషి, దెబ్బలు తిని పుట్టింటికొచ్చిన మనిషి, తండా నుంచి పదో తరగతి మధ్యలో ఆపేసిన పిల్ల, వికలాంగురాలు, వీళ్లకూ ఆ పథకాలకూ మధ్యన ఒక ఖాళీ ఉంటుంది. దాన్ని కాగితం పూడ్చలేదు, మనిషే పూడ్చాలి. పట్నాల్లో డబ్బున్నవాళ్లు గంటకింత చెల్లించి పెట్టుకునే లైఫ్ కోచ్ చేసే పని సారాంశం కూడా అదే. మన జిల్లాలో ఆ పనిని పేరు లేకుండా, సరైన కూలి లేకుండా ఇప్పటికే చేస్తున్నవాళ్లున్నారు. గ్రామైక్య సంఘం లెక్కలు రాసే వీవోఏ, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, హింసకు గురైన స్త్రీలను ఆదుకునే సఖి కేంద్రంలో కౌన్సెలర్. నేను చెప్పదలచుకున్నది మూడు ముక్కల్లో చెబుతాను. తోడు నిలవడానికి ఒక విద్య ఉంది. దానికి ఒక గడువు ఉంది. దానికి కూలి ఉండాలి.

మనవాళ్లు ముందే చేసి చూపిన పని

ఈ విద్య మనకు బయటినుంచి రాలేదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారికి ఎనిమిదేళ్లప్పుడు పెళ్లి చేశారు. పెరిగాక ఆమె ఆ పెళ్లి నుంచి బయటికొచ్చారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. తిరిగొచ్చాక, తోటివాళ్లు చదువులు ముగించే వయసులో, మెట్రిక్ దగ్గర నుంచి మొదలుపెట్టి న్యాయశాస్త్రం దాకా వెళ్లారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టినప్పుడు, బడి వయసు దాటిపోయిన ఆడవాళ్లను కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారు చేశారు. తాను నడిచిన దారి కాబట్టి ఎక్కడ ముల్లుందో ఆమెకు తెలుసు.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. 1958లో ఆ బోర్డు వయోజన స్త్రీల కోసం సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి సాగే బడి చదువును రెండేళ్లకు కుదించి, పరీక్ష రాయించి, అక్కడి నుంచి గ్రామసేవికగా, నర్సుగా, టీచరుగా పంపాలన్నది లెక్క. ఆ ఏర్పాటులో ఒక గట్టి ఆలోచన ఉంది. విధవకు బియ్యం, బట్టలు ఇచ్చి ఊరుకుంటే ఆమె ఆశ్రమంలోనే ముసలిదవుతుంది. చదువొక్కటే చెబితే పరీక్ష ముగిసిన రోజు ఎక్కడికి పోవాలో తోచక నిలబడుతుంది. ముందు కొలువు ఎక్కడుందో చూసి, ఆ కొలువుకు కావాల్సిన చదువేదో లెక్కగట్టి, ఆ చదువు పూర్తయ్యేదాకా వసతి చూపించాలి. నడక ఇటు నుంచే అయినా ఆలోచన అటు నుంచి మొదలవ్వాలి.

రెండో ఉదాహరణ మనకు ఇంకా దగ్గరిది. మహిళా సమాఖ్య కార్యక్రమం 1989లో దేశంలో మొదలై, 1993లో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. ఇక్కడ దాన్ని మహిళా సమత సొసైటీ నడిపింది. దాదాపు పది ఊళ్లకు ఒక సహయోగిని ఉండేది. ఆమె చేతిలో పంచడానికి డబ్బు లేదు, రాయించడానికి దరఖాస్తు లేదు. సాయంత్రం పనులయ్యాక ఆడవాళ్ల మధ్య కూర్చొని, వాళ్లు ఏ సంగతి ముందు పెడితే ఆ సంగతి మాట్లాడటం ఆమె పని. వేగం, ప్రాధాన్యం సంఘం నిర్ణయిస్తుంది, సహయోగిని కాదు అన్నది ఆ కార్యక్రమం రాసి పెట్టుకున్న నియమం. బడి మానేసిన ఆడపిల్లలకు మహిళా శిక్షణ కేంద్రాలు పెట్టి, అక్కడే ఉంచి, మళ్లీ చదువులో కలిపారు. 2016లో కేంద్రం ఆ కార్యక్రమానికి నిధులు ఆపేసింది. సహయోగినులు నేర్చుకున్న ఆ విద్యను మరో పథకంలోకి పద్ధతిగా అందుకున్నవాళ్లు లేరు. మనం భవనాన్ని కూల్చాలంటే నాలుగు తీర్మానాలు చేస్తాం. మనుషుల దగ్గరున్న నైపుణ్యం కూలిపోతే తీర్మానం కూడా అక్కర్లేదు.

మెదక్ గేదెలు చెప్పే పాఠం

విద్య అన్నాను కాబట్టి అది సరిగా పనిచేసిన చోటూ, చేయని చోటూ రెండూ చూడాలి.

బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో అత్యంత నిరుపేద స్త్రీల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఆవో, మేకలో ఒక ఆస్తి ఇస్తారు. అది ఫలితమిచ్చేదాకా తిండికి కొంత భత్యం ఇస్తారు. పొదుపు చేయిస్తారు, వైద్యం చూస్తారు. అన్నింటికీ మించి, వారం వారం ఒక కార్యకర్త ఇంటికొస్తుంది. దాదాపు రెండేళ్లపాటు వస్తూనే ఉంటుంది. ఇదే నమూనాను ఇథియోపియా, ఘనా, హోండూరస్, పాకిస్తాన్, పెరూ, మన దేశంలో పశ్చిమ బెంగాల్ కలిపి ఆరు చోట్ల పరీక్షించారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, డీన్ కార్లన్ తదితరులు 2015లో ప్రచురించిన ఆ ఫలితాల్లో, కార్యక్రమం ముగిసి ఏడాదైనా ఆ కుటుంబాల తిండి, ఆదాయం, మనసు నిబ్బరం మెరుగ్గానే ఉన్నట్టు తేలింది. ఘనాలో ఒక బృందానికి మేకలు మాత్రమే ఇచ్చి వదిలేసి చూశారు. ఆ మేలు అందులో కనపడలేదు.

ఇక్కడిదాకా విని, తోడుంటే చాలు అన్నీ అవుతాయనుకుంటే పొరపాటు. అదే నమూనాను మన తెలంగాణలోనే, మెదక్ జిల్లాలో, ఎస్‌కేఎస్ స్వచ్ఛంద సంస్థ నడిపింది. జొనాథన్ బాషే, జొనాథన్ మార్డక్, షమికా రవి దాన్ని అధ్యయనం చేసి 2015లో రాసిన వ్యాసంలో, నికరంగా లాభం కనపడలేదని తేల్చారు. కారణం వింటే మన ఊరి ఆడకూలీలు నవ్వుతారు. గేదెను మేపే మనిషి కూలికి పోలేదు. ఆ రోజుల్లో వ్యవసాయ కూలి రేట్లు పెరుగుతున్నాయి. పాల మీద వచ్చింది కూలి మీద పోయింది. చాలామంది గేదెను అమ్మి అప్పు కట్టుకున్నారు. గేదె తీసుకోని ఇంటివాళ్లు కూలికి పోయి ఇంచుమించు అంతే సంపాదించారు.

ఆ స్త్రీల చేతగానితనం ఇందులో ఏమీ లేదు. వాళ్లు లెక్క సరిగ్గా వేశారు. ఆ ఊళ్లో వాళ్ల ముందు అప్పటికే ఏ దారి ఉందో, అందులో రోజుకెంత వస్తుందో కార్యక్రమం ముందుగా లెక్కలోకి తీసుకోలేదు. కాబట్టి తోడు నిలిచే విద్యలో మొదటి సూత్రం ఇది: జవాబు చేతిలో పట్టుకొని ఇంటికి వెళ్లొద్దు. నేడు మన దగ్గర ఆ జవాబు చాలాసార్లు కుట్టు మిషన్ రూపంలో ఉంటుంది. ఊరికి ఇరవై మిషన్లు ఇస్తే జాకెట్లు కుట్టించుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారో ముందు అడగాలి కదా.

అడిగే పద్ధతి

ఇక ఈ విద్య ఎలా ఉంటుందో ఒక ఊహా సందర్భంతో చెబుతాను. కోదాడ పక్కన ఒక ఊరు. ముప్పై రెండేళ్ల మనిషి. భర్త నాలుగెకరాలు కౌలుకు తీసుకొని పత్తి, మిర్చి వేశాడు. అప్పులు పెరిగి ప్రాణం తీసుకున్నాడు. ఇద్దరు పిల్లలు. ఆమె పదో తరగతి తప్పింది. నెల మాసికం అయ్యాక వీవోఏ ఆమె గడపలో కూర్చుంది.

తొందరపడే వీవోఏ ఏమంటుంది? “ధైర్యం తెచ్చుకో వదినె, పిల్లల మొఖం చూడు, లోన్ పెడదాం” అంటుంది. ప్రేమతోనే అంటుంది. కానీ ఆ మూడు మాటల్లో అవతలి మనిషి మాట్లాడే సందు ఒక్కటీ లేదు.

నేర్చిన వీవోఏ ఇలా అడుగుతుంది: “నిన్న పొద్దుగాల లేసిన కాడ్నుంచి పండేదాక ఏమేం జేసినవో చెప్పు వదినె.”

“ఏం జేసిన? అన్నీ ఇంటి పనులే.”

“ఆ ఇంటి పనులే చెప్పు.”

అప్పుడొస్తాయి. ఫర్టిలైజర్ షాపు బాకీ ఎంతుందో కనుక్కున్నది. పక్క ఊరి ముఠా మేస్త్రికి కూలి డబ్బులు లెక్క చూసి ఇచ్చింది. కౌలు భూమి యజమానితో పంట మీద మాట్లాడింది. పిల్లను హాస్టల్లో చేర్చాలని సూర్యాపేటకు ఫోన్ చేసింది. ఇంటి పనులే అన్న మనిషి రోజులో సగం సేద్యం లెక్కలు నడుపుతున్నది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె కూడా అనుకోలేదు.

తర్వాతి ప్రశ్న: “ఇక ముందు నడుపుకుంటనన్న ధైర్యం పదిల ఎంతున్నది?”

“రెండు.”

“సున్న ఎందుకు గాదు వదినె?”

ఇక్కడ చాలామంది ‘రెండేనా’ అంటారు. ‘సున్న ఎందుకు గాదు’ అని అడగడంలోనే నేర్పు ఉంది. అమెరికాలో స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బెర్గ్ అనే దంపతులు ఈ తరహా ప్రశ్నలను ఒక పద్ధతిగా తీర్చిదిద్దారు. లోటు గురించి అడిగితే మనిషి లోటు చెబుతుంది. ఉన్నదాని గురించి అడిగితే ఉన్నది వెతుక్కుంటుంది. మన వదినె కొంచెంసేపు ఆగి, “మిరపకాయ ఏరేటందుకు నలభై మంది ఆడోళ్లను యాడికెల్లి తేవాల్నో నాకెరికె” అనొచ్చు. ఆ ఒక్క వాక్యంలో ఒక వృత్తికి పునాది ఉంది. మనుషుల్ని కూడగట్టడం, కూలి మాట్లాడటం, రోజు లెక్క తేల్చడం, ఇవన్నీ ఏ కంపెనీలోనైనా సూపర్‌వైజర్ చేసే పనులు.

మూడోది దారులు పక్కపక్కన పెట్టి తూచడం. కూలికి పోతే ఏడాదిలో ఎన్ని రోజులు పని దొరుకుతుంది, ఎంతొస్తుంది? మిర్చి నారు పెంచి అమ్మితే పెట్టుబడి ఎంత, వాన కొడితే నష్టమెంత? ఓపెన్ స్కూల్లో పదో తరగతి పూర్తి చేస్తే ఏ కొలువులకు దరఖాస్తు పెట్టొచ్చు, అప్పటిదాకా ఇల్లు ఎట్లా గడవాలి? కాగితం మీద మూడు గళ్లు గీసి ఆమె చేతే నింపించాలి. ఎంచుకునేది ఆమె. వీవోఏకు ఇష్టం లేని గడి ఎంచుకున్నా సరే.

నాలుగోది తెలియాల్సిన కాగితాలు తెలిసుండటం. రైతుబీమా 2018లో వచ్చింది. పట్టాదారు పాసు పుస్తకం ఉండి, 59 ఏళ్లు దాటని రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. కౌలు రైతు భార్యకు రావు. ఆమెకున్న దారి 2015 నాటి జీవో 194. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి 6 లక్షల సాయాన్ని అది నిర్ణయించింది. దానికి ఆర్డీవో ఉన్న త్రిసభ్య కమిటీ విచారణ జరగాలి. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, అప్పు పత్రాలు, కౌలు రుజువు కావాలి. దుఃఖంలో ఉన్న మనిషి వీటిని పోగు చేసుకోలేదు. కోదాడ ఆర్డీవో కార్యాలయానికి ఆమెతో వెళ్లి, పక్కన కూర్చొని, ఆమె చేతే మాట్లాడించాలి. ఆమె బదులు మాట్లాడితే ఆ రోజు పని అవుతుంది, మరుసటి రోజు మళ్లీ మనమే కావాలి.

పింఛన్ కూడా అంతే. ఒంటరి మహిళలకు తెలంగాణలో 2017లో నెలకు 1,000 రూపాయలతో పింఛన్ మొదలైంది, 2019లో 2,016 రూపాయలైంది. భర్త వదిలేసిన మనిషి ‘ఒంటరి’ అని నలుగురి ముందు ఒప్పుకొని దరఖాస్తు పెట్టడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో ఆమె వెంట ఉండటాన్ని ఏ రిజిస్టరూ పనిగా రాసుకోదు.

తొలి 3 నెలలు

రెండో ముక్క గడువు. శిక్షణ కేంద్రం దృష్టిలో సర్టిఫికెట్ ఇచ్చిన రోజు పని పూర్తయింది. అధికారి దృష్టిలో నియామక పత్రం ఇచ్చి ఫొటో దిగిన రోజు పూర్తయింది. ఆడమనిషికి అసలు కష్టం ఆ మర్నాడు మొదలవుతుంది.

నాటిన నారు వేరు పట్టేదాకా మడిలో నీళ్లు ఎండిపోకుండా చూస్తాం. కొలువులో చేరిన మనిషికి ఆ గడువు ఇంచుమించు మూడు నెలలు. ఆ మూడు నెలల్లో ఆమెను వెనక్కి లాగేవి చాలా చిన్నవిగా కనపడతాయి. పిల్లకు జ్వరం. మరిది ఫోన్ చేసి ఊళ్లో ఏమనుకుంటున్నారో చెప్పడం. మొదటి జీతం నలభై ఐదో రోజున రావడం, అప్పటికి బియ్యం అయిపోవడం. షిఫ్టు ముగిసే వేళకు ఊరి బస్సు వెళ్లిపోవడం. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. మన ప్రాంతంలో అది ఎంతోమందిని గడప దాటించింది. కానీ ఉచిత బస్సు ఉండటం వేరు, రాత్రి ఎనిమిదింటికి తండాకు బస్సు ఉండటం వేరు.

ఈ చిక్కుల్లో ప్రతిదానికీ ముందే అనుకున్న ఒక ఏర్పాటు ఉంటే మనిషి నిలబడుతుంది. చేరకముందే తోడు మనిషి ఆమెతో కూర్చొని ‘ఇట్లయితే ఏం చేద్దాం’ అని జాబితా రాసుకోవాలి. పిల్లకు జ్వరమొస్తే ఎవరు చూస్తారు? జీతం ఆలస్యమైతే సంఘం పొదుపు నుంచి ఎంత తీసుకోవచ్చు? బస్సు తప్పితే ఎవరింట్లో పడుకోవచ్చు? మొదటి నెలలో వారానికి రెండు ఫోన్లు, రెండో నెలలో ఒకటి, మూడో నెలలో ఒకసారి వెళ్లి కలవడం. మానేయాలనిపించిన రోజు ఫోన్ చేయడానికి ఒక నంబరు ఉండటమే అన్నింటికంటే పెద్ద ఏర్పాటు.

చట్టం కూడా ఆ మూడు నెలల్లోనే అక్కరకొస్తుంది. పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. పదిమంది కంటే తక్కువ పనివాళ్లున్న చోట, అంటే మన బట్టల దుకాణాల్లో, చిన్న మిల్లుల్లో, ప్రైవేటు క్లినిక్కుల్లో పనిచేసే ఆడవాళ్లు జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు రాసివ్వాలి. ఈ గడువు సంగతి చాలామందికి గడువు దాటాకే తెలుస్తుంది.

హద్దులు

తోడు నిలిచేవాళ్లు తెలుసుకోవాల్సిన హద్దులు మూడున్నాయి.

ఒకటి, ప్రాణాపాయం ఉన్నచోట మాటలతో కాలయాపన చేయకూడదు. ఇంట్లో కొడుతున్నారంటే మహిళా సహాయవాణి 181కి ఫోన్ చేయాలి, సఖి కేంద్రానికి తీసుకెళ్లాలి. అక్కడ ఐదు రోజుల దాకా తలదాచుకోవచ్చు. 2005 గృహహింస చట్టం ప్రకారం ఆమెకు అత్తింట్లో ఉండే హక్కుంది. చావు మాట ఎత్తిన మనిషికి మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416 కలిపి ఇవ్వాలి, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇది వైద్యుల పని. వీవోఏ చేతిలో పెట్టి తప్పించుకోకూడదు.

రెండు, గుట్టు. గడపలో విన్నమాట సంఘం మీటింగులో పొక్కితే ఆ మనిషి మళ్లీ నోరు తెరవదు. ఊరంతా చుట్టాలైన చోట ఇది చాలా కష్టం. నేర్పించాల్సిందీ అదే.

మూడోది స్వరాజ్యం గారి పేరున జరిగే సభలో తప్పకుండా చెప్పాల్సింది. కూలి తక్కువైతే, కులం అడ్డొస్తే, ఆమెకు ధైర్యం చాల్లేదనడం అన్యాయం. దళిత మనిషి వండిందని క్యాంటీన్‌లో ఒకడు తినకుండా లేచిపోతే, ఆమెకు సర్దుకుపొమ్మని చెప్పేవాళ్లు తోడు కాదు. అక్కడ 1989 అట్రాసిటీ చట్టం గుర్తు చేయాలి, సంఘాన్ని వెంట తీసుకుని నిలబడాలి. ఒక్కొక్కరి మనసుకు ఎంత బలమిచ్చినా, నాట్ల కూలి పెరిగింది ఆడవాళ్లు కలిసి మడి గట్టు మీద కూర్చున్నప్పుడే. విడిగా వినడం, కలిసి అడగడం రెండూ ఒకే మనిషికి తెలిసుండాలి. స్వరాజ్యం గారు ఊళ్లకెళ్లి ఆడవాళ్లకు ఉయ్యాల పాటలు నేర్పినప్పుడు చేసింది ఇంచుమించు ఈ రెండు పనులే.

కూలి

చివరి ముక్క. ఇంత విద్య, ఇంత గడువు అడుగుతున్న పనిని మనం ఎవరి చేత చేయిస్తున్నాం? గౌరవ వేతనం మీద బతుకుతున్న ఆడవాళ్ల చేత. వాళ్లలో చాలామంది ఒంటరివాళ్లు, అప్పులున్నవాళ్లు. వీవోఏ రోజంతా రుణాల వసూలు లెక్కలు రాసి, ఆన్‌లైన్‌లో ఎక్కించి, పై నుంచొచ్చే సర్వేలు చేసి, ఆపైన కౌన్సెలింగ్ కూడా చేయాలంటే కుదరదు. అప్పు వసూలు చేసే మనిషికి ఎవరూ మనసు విప్పరు కూడా. ఈ రెండు పనులు ఒకరి చేతిలో పెట్టడమే మొదటి తప్పు.

అందుకే నాలుగు ప్రతిపాదనలు చేస్తున్నాను.

ప్రతి మండల సమాఖ్య ఇద్దరు తోడు కార్యకర్తలను వసూళ్లతో సంబంధం లేకుండా విడిగా పెట్టుకోవాలి. కష్టం దాటొచ్చిన స్త్రీలనే అందుకు తీసుకోవాలి. చదువు తర్వాత చూడొచ్చు. వాళ్లకు చట్టం చెప్పే కనీస వేతనానికి తగ్గకుండా జీతం ఇవ్వాలి. సమాఖ్యల దగ్గర వడ్డీ ఆదాయం ఉంది. 2024లో మొదలైన ఇందిరా మహిళా శక్తి కింద క్యాంటీన్లు, యూనిఫాంల కుట్టుపని, పెట్రోలు బంకులు, అద్దె బస్సుల ద్వారా సంఘాలకు వ్యాపారం వస్తోంది. అందులో కొంత పక్కన పెడితే ఇది అసాధ్యం కాదు.

ఒక కార్యకర్తకు ఏ సమయంలోనూ పదిహేను మందికి మించి అప్పగించకూడదు. ఒక్కో మనిషితో ఏడాదిపాటు ఉండనివ్వాలి.

వాళ్ల పనిని ఎంతమందిని చేర్పించారన్న లెక్కతో కాక, చేరినవాళ్లలో ఆరు నెలలకు ఎంతమంది పనిలో ఉన్నారు, మానేసినవాళ్లు ఎందుకు మానేశారు అన్న లెక్కతో చూడాలి. మానేసిన కారణాలే మరుసటి ఏడాది ప్రణాళిక.

నాలుగోది, నెలకోసారి ఈ కార్యకర్తలు పేర్లు చెప్పుకోకుండా తమ కేసులు మాట్లాడుకునే కూటమి ఉండాలి. సూర్యాపేట, నల్లగొండ మెడికల్ కాలేజీల మానసిక వైద్యులు, జిల్లా న్యాయసేవాధికార సంస్థ వకీళ్లు వంతులవారీగా రావాలి. పరుల దుఃఖం రోజూ వినేవాళ్లకు తమ బరువు దించుకునే చోటు లేకపోతే వాళ్లూ మొద్దుబారిపోతారు, లేదా కూలిపోతారు.

దీనికి కొత్త పథకం కోసం ఎదురుచూడక్కర్లేదు. ఇక్కడ మండల సమాఖ్యల అధ్యక్షురాళ్లు కూర్చొని ఉన్నారు. మీ తర్వాతి సమావేశంలో ఈ ఒక్క అంశం ఎజెండాలో రాయించండి. మీ ఊళ్లో ఇప్పటికే ఎవరి గడపలో ఆడవాళ్లు మనసు విప్పుతున్నారో ఆ మనిషి పేరు తీర్మానం పుస్తకంలో ఎక్కించండి. ఆమె చేస్తున్నది సేవ కాదు, పని. పనికి కూలి అడగడం నేర్పిన గడ్డ ఇది. 1951 తర్వాత ఆ స్త్రీల బతుకుతెరువు ఎవరి పనీ కాకుండా పోయిందన్నాను. ఈసారి అది ఫలానా మనిషి పని అని రాసిపెట్టి, ఆమెకు జీతమిచ్చి, లెక్క అడుగుదాం.